ఇంటూ కుట్టు

లెక్కల పేపరు మీద మాస్టారు ఎర్రసిరాతో పెట్టిన ఇంటూలు
ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి.
నా పదో తరగతి అక్కడే ఆగింది.
ఇప్పుడు మేటీ గుడ్డ మీద
ఇంటూ పక్కన ఇంటూ పెట్టుకుంటూ పోతున్నాను.
ఈ ఉదయానికి ఆరువేల నాలుగువందల పన్నెండు.
ఒక్కటీ తప్పు కాదు.

అబద్ధం. కొబ్బరిచెట్టు దగ్గర మూడు తప్పులున్నాయి.
వెనక్కి తిప్పితే గాని తెలీదు.
సత్యవేదంగారు ముందు చూసేదే వెనకవైపు.

ఆదివారం మూడింటికి
నర్సాపురం రేవు పక్కన, పాత బియ్యం గోడౌను అరుగు మీద
చేరతాం అయిదుగురం.
మిషను బళ్ళో కుట్టు నేర్పి రిటైరయిన సత్యవేదంగారు,
గాజులకొట్టు మెహరున్నీసా,
కళ్ళజోడుకి దారం కట్టి మెళ్ళో వేలాడేసుకున్న చినవెంకాయమ్మ,
నేను.
ఇంకా, పంటు మీద టికెట్లు కోసే తాతాజీ.

వాడొచ్చిన మొదటిరోజు కొంగు అడ్డం పెట్టుకున్నాం.
వలలు బాగుచేసిన వేళ్ళు,
వాటి మధ్య సూది ఉందో లేదో కూడా కనపడదు.
"వలయినా గళ్ళేగా అండీ,
అందులో ఖాళీ చేపకి, ఇందులో దారానికి" అని
తల దించుకుని నూటనలభై గళ్ళు
వేలు పెట్టకుండా లెక్కపెట్టేశాడు.

మా అమ్మ లేసు అల్లేది.
ఏజెంటు కండెల లెక్కన దారం తూచి ఇచ్చి
డజన్ల లెక్కన పట్టుకుపోయేవాడు.
సముద్రం అవతల ఎవరి భోజనాల బల్లల మీదో
అమ్మ కంటిచూపు పరిచారు.
మా ఇంట్లో రేడియో మీద కప్పుకోడానికి
జానెడు ముక్క లేదు.

అందుకే ఎవరైనా
"ఎంతకిస్తావ్?" అంటే ఇవ్వనంటాను.
"ఎవరికోసం?" అంటే
ఎవరికీ కాదంటాను.
ఈ రెండు ముక్కలూ నోట్లోంచి రావడానికి
మా ఇంట్లో రెండు తరాలు పట్టింది.

ఈసారి అందరం ఒకే గుడ్డ మీద రేవు కుడుతున్నాం.
పంటు అయింది.
దాని మీద రెండు మోటారుసైకిళ్ళు, కొబ్బరికాయల ఆటో,
గొడుగేసుకున్న మనిషొకడు.
ఆ మనిషెవరో కుట్టిన వెంకాయమ్మ చెప్పదు.
అవతల సఖినేటిపల్లి గట్టూ అయిపోయింది.
మిగిలింది గోదారి.

గోదారి ఏ నంబరు దారం?

మెహరున్నీసా నీలం లచ్చి తెచ్చింది.
"అది క్యాలెండర్లో గోదారమ్మా" అన్నారు సత్యవేదంగారు.
వరదలకి చిక్కటి డికాక్షను,
కార్తీకంలో పెసరపొట్టు,
ఎండల్లో సముద్రం ఎగదన్నితే ఉప్పుబూడిద,
సాయంత్రం అయిదున్నరకి వంకాయ, అదీ పది నిమిషాలే.
రోజుకి ఇరవైసార్లు దాటేవాడు మాత్రం
ఏమీ అనలేదు.

మూడు ఆదివారాలు నది ఖాళీగా ఉంది.
నాలుగో ఆదివారం తాతాజీ బిస్కెట్ల డబ్బా మూత తీశాడు.
మేం కత్తిరించి పారేసిన దారం కొసలు,
ఎన్నాళ్ళనుంచి ఏరుతున్నాడో.
గోధుమరంగు పోగులు రెండు, పాచిరంగు పోగు ఒకటి
కలిపి పెదాల మధ్య తడిచేసి సూదిలోకి ఎక్కించాడు.
"వరసకో జత మారుద్దామండి."

"కొసలు పొట్టివిరా, ఊడిపోతాయి."

"ఊడితే ఊడతాయండి. గట్టే ఊడిపోయింది కదా మొన్న."

ఇంతలో పంటు హారను.
సూది కాలరుకి గుచ్చుకుని పరిగెత్తాడు.
మెట్ల దిగువదాకా వాడి మెడ దగ్గర చిన్న మెరుపు.

నేను సూది అందుకుని
కుడిచేతి పక్కనుంచి మొదటి ఇంటూ వేశాను.
"అట్నించి కాదే" అంది వెంకాయమ్మ,
"నీళ్ళు ఇట్నించి కదా అటు పోయేది."

లేచి చూశాను.
గుర్రపుడెక్క తెప్పలుగా
ఎగువకి పోతోంది.

"ఇప్పుడు పోటులే" అన్నాను,
రెండోది వేశాను.