గుర్తింపు లేని పార్టీ

సారంగపాణి సాబ్ పార్టీకి
సొంత గుర్తు లేకుండె.
ఎలక్షనెలక్షనుకు కమిషనోళ్లు ఏదిస్తే అది.
మొదటిసారి కుట్టుమిషను,
రెండోసారి బకెట్టు,
ఆ తర్వాత అల్మారా.
అడిక్‌మెట్ గోడల మీద
వాళ్లింట్ల లేని సామానంత నేనే గీసిన.

కుట్టుమిషను ఒక్కటి మాత్రం నిజంగనే ఉండె.
వాళ్లామె భారతమ్మ రాత్రి పన్నెండు దాంక
దాని మీద జాకెట్లు కుట్టేది.
నామినేషన్ పైసలు ఆ సూది కిందికెల్లే వచ్చినయి.
కొలతలు రాసుకునే బుక్కుల
మొగని బాకీ గూడ రాసి పెట్టేది,
ఛాతి ముప్పై ఆరు, నడుము ముప్పై,
సాబ్ ఐదు వందలు.

మిల్లు మూతబడ్డంక పెట్టిన పార్టీ అది.
జంట నగరాల శ్రామిక సమితి.
పేరు పొడుగు, గోడ పొట్టి.
'సమితి' కాడికి వచ్చేసరికి అక్షరాలు
ఫుట్‌బోర్డు మీద మనుషుల తీరు
ఒకదాని మీద ఒకటి ఒరిగేటియి.
ఆయన ఎనకకు జరిగి చూసి
"పర్వలేదు తమ్మీ, మనోళ్లు గట్లనే ఉంటరు" అనేటోడు.

పదకొండు ఓట్లతోని కార్పొరేటరైండు.
ఒక్కసారే.
ఆ రాత్రి ఇరానీ హోటల్ల అందరికి చాయ్ తాపిచ్చి
జేబులు తడుముకుంటుంటే
గల్లా మీద కూసున్న మాషూక్ అలీ
"ఖాతా రాస్త, కార్పొరేటర్ సాబ్" అన్నడు.
పదవి మీద ఆయన మొదటి సంపాదన అదే.

పెద్దోళ్లకు ఒక్క ఓటు తక్కువ బడ్డ ఏడు
మా గల్లీల పట్టని కారొకటి వచ్చింది.
బూట్లిప్పకుండ లోపటికి పోయి
"ఏం కావాలె" అన్నరు.
నేను బయట నిచ్చెన మీదున్న.
కిటికీలకెల్లి ఇనబడ్డది.
"నాలాకు గోడ."
"అది సరే. మీకు?"
"నాలాకు గోడ."
ఎవరో నవ్విన్రు.
ఆ నవ్వు అయిపోయినంక చానాసేపు
మిషను చప్పుడొక్కటే.

ఓటేసిండు.
మిల్లు జాగ అమ్ముకున్నది వాళ్లే గద!
పాత కార్మికులు కొందరు
ఆయన ఎదురుపడితే సందు మార్చేటోళ్లు.
"ఎంత ముట్టిందన్నా" అని నన్నడిగిన్రు.
నేను సున్నం బకెట్టు దిక్కు చూసిన.

గోడ వచ్చింది, సగం.
మసీదు మూల దాంక కట్టి బిల్లు లేపుకున్నరు.
మిగిలిన సగం కోసం
ఆయన ఇంక ఐదుసార్లు నిలబడ్డడు.
ఐదుసార్లు డిపాజిట్టు పోయింది.

నడుమ ఫ్లెక్సీలొచ్చినయి.
నా నిచ్చెనకు చెదలు.
ఆయన గూడ ఒక్కసారి అప్పుజేసి కొట్టిపిచ్చిండు.
గుర్తు బెండకాయ.
ప్రింటింగోడు పచ్చిమిరపకాయ వేసిండు.
పచ్చిమిరపకాయ గుర్తోడు మా ఇంటికొచ్చి
దండం పెట్టి పోయిండు.

మొన్నటి వానకు నీళ్లు
గోడ లేని దిక్కుకెల్లి వచ్చినయి.
భారతమ్మ లేదిప్పుడు.
మిషనును మంచం మీదికి ఎక్కిచ్చి
ఆయన నీళ్లల్ల నిలబడ్డడంట తెల్లారెదాంక.
పార్టీ కాయితాలు మునిగినయి.
లిస్టుల ఉన్నోళ్లల్ల బతికున్నోళ్లు
ఎట్లా తక్కువే.

పొద్దుగాల ఫోన్ చేసిండు.
"కుంచె ఉన్నదా?"
"పేరు రాయాల్నా సాబ్?"
"పేరొద్దు. నీళ్లు ఆగిన కాడ గీత గీయి.
కింద తారీఖు."

గోడ తెగిన కాడ గీసిన.
నాకు ఛాతి మీదికి వచ్చింది.
ఆయన పక్కకొచ్చి నిలబడి చూసుకుండు,
గడ్డం కాడికి.
"పైన జాగ ఇడిసిపెట్టినవు గద" అన్నడు,
"వచ్చే ఏటికి."

డబ్బాల మిగిలిన రంగు
మూత బిగిచ్చి
ఆయన చేతికే ఇచ్చి వచ్చిన.