నీళ్ళు కదిలే వేళ

పాత కథలోని ఆ కోనేటి పేరే మా ఊరికి.
ఇక్కడ కోనేరు లేదు.
స్లేటు రాయి తవ్విన కొండ ఉంది,
తెరిపివ్వని వేల్స్ వాన ఉంది,
బజారు వీధిలో ఒక లాండ్రీ ఉంది.
నాణెం వేస్తే నీళ్ళు కదిలే యంత్రాలు ఎనిమిది,
రెండు పనిచేయవు.

దాని పై గదిలో గురువారం సాయంత్రాలు కలుస్తాం.
కింద బట్టలు పిండే వేళకి
పైన నేల వణుకుతుంది,
టీ కప్పు తనంతట తానే బల్ల అంచుకి జరుగుతుంది.
మొదట్లో ప్రార్థన ఆపేవాళ్ళం.
ఇప్పుడు ఆ వణుకులోనే ఆమెన్ అంటాం.

పాస్టరు లేడు.
పళ్ళ డాక్టరుగా రిటైరైన టెలెరి వాక్యం చదువుతుంది,
నొప్పి పుట్టదు, నోరు తెరవమన్నంత నెమ్మదిగా.
పోయిన వారం రొట్టె మరిచింది.
ఎండుద్రాక్ష కేకే విరిచి పంచుకున్నాం.
"ప్రభువు శరీరంలో ఎండుద్రాక్షలా?" అన్నాడు ఇద్వాల్.
"మనం ఇమిడాం కదా, ఇవి ఇమడవా!" అంది.

నా సంగతీ చెప్పాలి. నేను మెన్నా.
ఇంట్లో భర్త ఉన్నాడు, అది ప్రేమే.
అంతకు ముందు ఒక అమ్మాయి, అదీ ప్రేమే.
ఆ రెండో మాట మింగెయ్యమంది చర్చి.
ఈ గదిలోనూ తొలి ఏడాది ఒకరన్నారు,
"నీకేం, వెళ్ళడానికి ఇంకో తలుపుంది."
ఉంది, నిజమే.
దాంట్లోంచి నేను సగమే పడతాను.

ఇద్వాల్‌కి డెబ్బై మూడు.
రాతిని పొరలు పొరలుగా చీల్చిన చేతులు.
చర్చి పుస్తకంలో పేరు కొట్టేసేదాకా
కొయిర్‌లో మంద్రస్వరం అతనిదే.
"గట్టున పడి ఉన్నవాడికి ముప్పై ఎనిమిదేళ్ళు,
నాకు ముప్పై ఆరే, ఇంకా రెండేళ్ళు ఆగాలి"
అని తనే నవ్వుతాడు. మాకు నవ్వు రాదు.
మెర్విన్ పోయినప్పుడు సమాధి దగ్గర
స్నేహితుడని మూడో వరుసలో నిలబెట్టారు.
పాట అందుకుంటే మాత్రం ఎవరూ ఆపలేదట.
మంద్రం లేకపోతే ఆ పాట నిలబడదు మరి.

ఇక ఆ కుర్రాడు.
మూడు గురువారాలుగా వస్తున్నాడు,
మెట్ల వైపు చూడనట్టు చూస్తాడు.
ఉతికిన దుప్పటే మళ్ళీ ఉతుకుతున్నాడని
లాండ్రీ ఆవిడ నా చెవిలో వేసింది:
"మురికేం లేదమ్మా దాంట్లో,
ఎన్ని నాణేలని పోస్తాడు?"

పిలిస్తే బెదురుతాడు, వద్దంది టెలెరి.
పిలవకపోతే? అన్నారెవరో.
వాదన తెగకముందే ఇద్వాల్ లేచాడు.
పద్నాలుగు మెట్లు, అరిగిన మోకాళ్ళు,
మెట్టు మెట్టుకీ కర్ర చప్పుడు.
పడతాడేమోనని వెనకే దిగాను. అది నా సాకు.

పక్కన కూర్చున్నాడు, ఏమీ అడగలేదు.
గుండ్రటి అద్దం వెనక నురుగు తిరగబడుతుంటే
ఇద్దరూ చూశారు.
ముందు దిగినవాడికే స్వస్థత అని కథ.
దించే మనిషి లేకపోవడమే
అందులో నన్ను ఎప్పుడూ గుచ్చే ముల్లు.

దుప్పటి ఆరాక ఇద్వాల్ రెండు కొసలు పట్టుకున్నాడు.
"ఇద్దరి దుప్పటి ఒక్కడు మడవలేడు అబ్బాయ్,
నాలుగేళ్ళుగా నేను ఉండ చుట్టి పడేస్తున్నా."
కుర్రాడు మిగతా కొసలు అందుకున్నాడు.
దూరం జరిగారు, దగ్గరికొచ్చారు,
వేళ్ళు తగిలాయి, మళ్ళీ దూరం,
మధ్యలో తెల్లగా, ఇంకా వెచ్చగా, ఆ బట్ట.

"గెథిన్" అన్నాడు, దుప్పటికి చెప్పినట్టు.
కేకు అయిపోతోందని పైనుంచి టెలెరి కేక.
అతను పైకి రాలేదు.
మడత ఇద్వాల్ చేతుల్లో పెట్టి
"వచ్చే వారం దాకా మీ దగ్గరుంచండి" అని
వానలోకి వెళ్ళిపోయాడు.

ఇవాళ గురువారం.
కిటికీ పక్క కుర్చీలో దుప్పటి కూర్చుంది.
రొట్టె మరవలేదు.
కింద ఎవరో నాణెం వేశారు.