రెండో సైరన్

చీమకుర్తి క్వారీలో మందు పేలే ముందు
గట్టు మీద మస్తానయ్య ఎర్రజెండా ఎత్తుతాడు.
తను మాత్రం గుంతలోకి దిగడు.
నడిమెట్టు మీద ఇద్దరు కుర్రాళ్లు.
ఒకడు చూస్తే చాలదు,
ఇద్దరూ చూసి, ఒకరి భుజం ఒకరు చరుచుకుని
అప్పుడు గాని కిందికి ఈల వెయ్యరు.

ఇదంతా మాలకొండయ్య చెప్పిందే,
నా ముందు స్టూలు మీద కూచుని,
ఎడమ అరచెయ్యి ట్రేలో పెట్టి.
కట్టర్ బ్లేడు కోసిన చెయ్యి.
ఆరు వారాలు. మూడొందల షుగరు.

"ఎట్టా మూసుకుంటదమ్మా ఇది?
తెగిందని లోపల ఎవురికి తెలుస్తది?"
బీఎస్సీ సగంలో వదిలి నర్సింగులో చేరినదాన్ని.
దూది తడుపుతూ అన్నాను:
మీ గుంత లెక్కే నాయనా.

తెగిన చోట ప్లేట్‌లెట్లు పగిలి
ఒక కబురు వదుల్తాయి.
గ్రోత్ ఫ్యాక్టర్ అంటారు.
పేరుకు పెద్దమనిషి,
కణం గడప దాటి లోపలికి పోలేడు.
గోడలో దిగేసిన రిసెప్టర్లుంటాయి,
సగం ఒళ్లు వీధిలో, సగం ఇంట్లో.
కబురు ఒక్కో చేత్తో ఒకదాన్ని పట్టుకుని
రెంటినీ దగ్గరికి లాగుతుంది.
అప్పుడు లోపలి సగాలు
ఒకదానికొకటి ఫాస్ఫేటు బొట్టు పెట్టుకుంటాయి.
బొట్టు చూస్తేనే కదిలేవాళ్లు కొందరు
లోపల కాచుకుని ఉంటారు.
వాళ్లు రాస్‌ను తట్టి లేపుతారు,
రాస్ ఇంకోణ్ణి, వాడు ఇంకోణ్ణి,
ఇటుకలు అందించుకున్నట్టే,
కాకపోతే ఇక్కడ ఒక ఇటుక పదవుతుంది.
కేంద్రకం చేరేసరికి అది కబురు కాదు,
ఊరంతా కేక.
చుట్ట చుట్టుకున్న డీఎన్ఏలో ఏదో పుట తెరుచుకుని
కణం రెండవుతుంది.

"తెచ్చినోడు గడప దాటకుండానే?"
దాటకుండానే.

"మరి నాది పూడలేదే?"
నీ పుండులో కబురు పుట్టకపోలేదు.
దారిలోనే కొరికేసే ఎంజైములు ఎక్కువయ్యాయి.
ఈ ట్యూబులో ఉన్నది ఆ కబురే,
మందుల షాపులో దొరికింది.
నవ్వాడు:
"జెండా కూడా కొనుక్కోవాల్సొచ్చిందా నాకు!"

చెప్పనిది ఒకటుంది.
మా అక్క వజ్రమ్మ రొమ్ములో ముక్క తీసి
ఒంగోలులో ఇచ్చిన కాగితం
నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.
ఇదే కుదురు రిసెప్టర్లు,
ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు కిక్కిరిసి,
ఎవరూ పిలవకపోయినా ఒరుసుకుని
బొట్లు పెట్టుకుంటూనే ఉన్నాయట.
ఈయనకు అందని మాట,
మా అక్కకు ఆగని మాట.
మూడు వారాలకోసారి గుంటూరు పోయి
ఆ జెండా చెయ్యి పట్టుకునే మందు
సెలైనులో ఎక్కించుకుని వస్తుంది.
బస్సులో కిటికీ పక్కన కూచుంటుంది,
మాట్లాడదు.

గుంతలో రెండో సైరనంటే
అయిపోయింది, ఇక లేవండని.
కణానికీ ఉంది అలాంటిది.
పనైపోయిన రిసెప్టరును గోడే లోపలికి మింగి
అరిగించుకుంటుంది.
రాస్ తనంత తానే కళ్లు మూస్తుంది.
బొట్లు తుడిచే ఎంజైములు వేరే ఉన్నాయి.
బొట్టు తుడవడమంటే మన ఇళ్లల్లో ఏడుపు.
ఇక్కడ తుడవకపోతేనే ఏడుపు.

తొమ్మిదో వారం కట్టు విప్పాను.
ఉల్లిపొరంత కొత్త తోలు,
అంచు అంచును తాకి నిలిచిపోయింది.
వేళ్లు మెల్లగా చాపాడు.
గీతల్లో నల్లరాతి పొడి, అందులో బంగారు మినుకు,
ఎంత కడిగినా పోనిది.

"ఆగమని దీనికి ఎవురు చెప్పినారమ్మా?"

కత్తెర గిన్నెలో వేశాను.
కిటికీ అద్దం ఒక్కసారి అదిరింది.
తర్వాత ఆయనా నేనూ
రెండో సైరన్ కోసం
చెవి ఒగ్గి కూచున్నాం.