పలకని మెట్టు

మా హార్మోనియంల ఒక మెట్టు పలకదు.
ఎడమ నుంచి లెక్కబెడితే పదిహేడో తెల్ల మెట్టు.
కాజీపేట రైల్వే క్వార్టర్ల
సామాను సదురుకొని పోతున్న డ్రైవరు కాడ
బాపు మూడు వందలకు కొన్నప్పుడే అది మూగది.
దానికని పది రూపాయలు తగ్గించిండట.

వారమంత ఎనుమాముల మార్కెట్ల మిరప బస్తాలు మోసే మనిషి
ఆదివారం తెల్లారి
వేళ్లకు కొబ్బరినూనె రాసుకొని కూసునేటోడు.
రేకుల కప్పు కింద చాపలు, నలభై మంది,
అవ్వ చేతుల తాళాలు, అన్న ఒళ్లె డోలకు.
పాట ఆ మెట్టు కాడికి రాంగనే
బాపు వేలు ఆగేది
కనుబొమ్మ నా దిక్కు లేచేది.
ఆ ఒక్క సురం నేను నోటితోని నింపాలె.
ఆరేండ్ల పిల్లను.
పాటంత వాళ్లది, రవ్వంత సందు నాది.

గట్ల నేర్సుకున్న పాడుడు:
లేని కాడ ఉండుడు.

డిసెంబరు చలిల గల్లీ గల్లీ తిరిగేటోళ్లం.
అన్న నెత్తి మీద గ్యాసుబత్తి,
సైకిలు క్యారేజీ మీద హార్మోనియం,
ఇంటికో పాట, ఇంటికో గిలాస చాయ.
బాపు సెటరు జేబుల ఎప్పుడూ నాలుగు మిరపగింజలు.
మా చరణాలన్నీ తుమ్ములతోనే మొదలు.

అవ్వకు ఇంకో గొంతు ఉండె,
సోమవారం నుంచి శనివారం దాక.
పరకాల దిక్కు నాట్లకు పోయినప్పుడు
మోకాటి లోతు బురదల వంగి పాడేది
మేస్త్రి మీద, మొగుని మీద, రాని వాన మీద,
తిట్టుకుంట, నవ్వుకుంట.
ఆదివారం ఆ గొంతును
చెప్పులతోని పాటు చర్చి బయట విడిచేది.
నేను ఆ చెప్పులేసుకొని ఇంటికి నడిచేదాన్ని.
పెద్దగయ్యేవి. ఊడేవి.

హన్మకొండల ఎండాకాలం ఏదో సభ.
ఓదేలన్న ట్రూపుల పాడే పిల్లకు గొంతు పూడుకపోయింది.
"నాట్ల పాటొస్తదా?"
ఒస్తది.
"పేరు?"
రిబ్కా.
పెన్ను ఆగింది.
"రాధిక అని రాద్దామా, మైకుల మంచిగుంటది?"
రిబ్కా అనే రాయన్నా.

ఇంట్ల చెప్తె
బాపు అన్నం కలుపుకుంటనే అన్నడు: "లోకం పాటలు."
గంతే.
సంఘం పెద్దలు ఇంకో రెండు మాటలు కలిపిన్రు.
అవ్వ ఏం అనలె.
కాళ్ల చెప్పులు విడిచి నా ముందట పెట్టింది.
ఈసారి సరిపోయినయ్.

స్టేజంటె ఏముంది,
కింద ఖాళీ డ్రమ్ములు, మీద చెక్కలు.
లైటు మొఖం మీద పడితె మనుషులు కనబడరు,
దగ్గులు ఇనబడతయ్.
పాట అవ్వదే. బురద అవ్వదే. తిట్లు కూడ అవ్వయే.
నోరు తెరిస్తె మాత్రం
రేకుల కప్పు కిందికెల్లి వచ్చింది రాగం.
దాన్ని ఏడ ఆపాల్నో నాకు తెల్వదు, ఆపలె.

కీబోర్డు పిలగానికి అన్ని మెట్లూ పలుకుతయ్.
అయినా ఆ సురం కాడికి రాంగనే
నా కండ్లు ఒక కనుబొమ్మను దేవులాడినయ్.
అప్పుడే తిరుగుడు లైటు ఒక్క గడియ
గ్రౌండు గోడ మీదికి పోయింది.

మా బాపు పేరు జక్కయ్య.
పొట్టి మనిషి.
జనం ఎనక నిలబడితె ఏం కనబడదని
లుంగీ మడిచి గోడెక్కిండు,
మేడిచెట్టు దొరకక.
మా సంఘంల పసిపోరడు కూడ చెప్తడు ఆ కత.

దిగు బాపూ, అని మైకుల అనబుద్ధయింది,
ఇయ్యాల మనింట్లనే తిందాం.
ఎట్లంటు? పాట నడుమ ఉన్న.

సైకిలెనక కూసున్న. ఎంజీఎం చౌరస్తా దాటింది,
ములుగు రోడ్డొచ్చింది,
బాపు మాట్లాడలె.
చైను కిర్రుమంటున్నది, రేపు నూనెయ్యాలె అనుకుంటున్న.
అప్పుడన్నడు, ముందటికే చూసుకుంట:

"ఆ మెట్టు కాడ
జర తొందరపడ్డవ్."