పాట తెగిన చోటు

చిత్తూరులో, గిరింపేట సందు మలుపు తిరిగితే
షఫీవుల్లా అన్న రికార్డింగ్ సెంటరు.
మేడ మీద ఒకటే గది. సగం గది డెక్కులు,
మిగిలిన సగంలో నేనూ నా ఇంకు పెన్నూ.
అక్షరం గుండ్రంగా ఉందని పెట్టుకున్నాడు నన్ను
నెలకు నూట ఇరవైకి.

జనం చీటీలు తెచ్చేవాళ్ళు,
చిల్లరకొట్టు సరుకుల్లా పాటల వరస.
చీటీ చూసి మనిషిని చెప్పేదాన్ని.
వయొలిన్లు గుంపుగా లేచే నిదానం పాటలడిగితే
ట్రెజరీ గుమాస్తా, నలభై దాటినవాడు.
అన్నీ డ్రమ్ములే కావాలంటే పాలిటెక్నిక్ పిల్లోడు.
ఒక పక్క తెలుగు, ఒక పక్క అరవం అంటే
గుడియాత్తం నుంచి కొత్త కోడలొచ్చిన ఇల్లు.
హిట్టంటే ఏందో రేడియో కంటే ముందు
నా మధ్యవేలికి తెలిసేది,
ఒకే పాట పేరు వారంలో ముప్పైసార్లు రాసి
కాయ కాసిన వేలికి.

అరవై నిమిషాల క్యాసెట్టు, పక్కకు ముప్పై.
పాటలు గడియారం చూసుకుని పుట్టవు కదా.
చివర మూడు నిమిషాలు మిగిలిపోయేది.
ఖాళీగా ఇయ్యడం అన్నకు నామోషీ.
"అన్నం పెట్టి ఆకులో సందు చూపిస్తామా పాపా!"
అని, ఆ వారం ఊరంతా ఊగుతున్న పాట
టేపు అయిపోయిందాకా ఎక్కించేవాడు.

ఎనభై ఎనిమిది మామిడికాయల కాలంలో
లారీల వాళ్ళ కోసం ఒక మాస్టరు కట్టినాడు.
దాన్నుంచి ఆరు వందల కాపీలు.
ఆరు వందల లేబుళ్ళూ నేనే రాసినాను.
చివరి పాట: పల్లవి, ఒక చరణం, మళ్ళీ పల్లవి,
రెండో చరణం ఎత్తుకుని, గొంతు పైకి పోయి,
"వెన్"
టక్.
వెన్నెలే అయ్యుంటుంది అనుకున్నాం అందరం.
పాటల్లో ఇంకేం ఉంటుంది?

తర్వాత పాట మారింది.
తబలా వెనక బెంచీకి జరిగింది.
చేతులు లేని చప్పట్లు వినిపించినాయి.
అన్న స్పీకరుకు చెవి ఆనించి
"ఇది ఎవురు వాయిస్తాండారు పాపా?"
"మిషను అన్నా."
"మరి కూలి ఎవురికి పోతాది?"
నా దగ్గర జవాబు లేదు.
అట్లా అడిగినవాడే మర్నాడు
ఆ మిషను పాటనే నలభై కాపీలు తీసినాడు,
పాట బాగుందని ఒప్పుకోకుండా, కాలు ఆడిస్తా.

ఆ తర్వాత నూరు పాటలు పట్టే బిళ్ళ వచ్చింది.
మిగిలేదీ లేదు, తెగేదీ లేదు.
పేర్లు రాసే చోటూ లేదు.
డెక్కులు బరువు లెక్కన పోయినాయి.
గదిలో జెరాక్సు మిషను పెట్టినారు.
నేను బట్టల కొట్లో ధరల చీటీలు రాయను పోయినాను,
అదే గుండ్రం అక్షరంతో.

మొన్న తిరపతిలో పెళ్ళి.
ఆర్కెస్ట్రా పిల్లోడు, ఆ పాట పుట్టినప్పటికి
పుట్టనైనా పుట్టనివాడు,
ఫోన్లో చూసుకుంటా ఆ పాటే ఎత్తుకున్నాడు.
మండపమంతా సన్నగా కూనిరాగం.
పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి,
రెండో చరణం పైకి పోతా పోతా
అక్కడికి రాగానే నా నోరు దానంతట అదే మూతపడింది.
నాదే కాదు.
ఎదురు వరసలో జరీ పంచె పెద్దాయనది,
అప్పళాలు వడ్డించే మనిషిది,
నా పక్క కుర్చీలో కనకాంబరాలామెది.

ఆమె వైపు వంగినాను.
"మీది చిత్తూరా?"
"మా నాయనది మామిడికాయల లారీ" అనింది,
నేను అడగని దానికి జవాబుగా.
వెంటనే నా చెయ్యి పట్టుకుని
"ఉండక్కా, ఉండు, విను" అనింది.

స్టేజి మీద పిల్లోడు ఊపిరి తీసుకుని
ఆగకుండా అనేసినాడు:
"వెన్నంటి".

వెన్నెల కాదంట.