వేలు జారింది

కాలు జారితే లేచి దులుపుకోవచ్చు,
నోరు జారితే తీసుకోలేమంటారు.
వేలు జారితే ఏం చెయ్యాలో
ఎవరూ చెప్పలేదు నాకు.

ట్రియెస్టేలో ముప్పై ఒక్కేళ్ళుగా
పియానోలకు శ్రుతి సరిచేస్తున్నాను.
మనుషుల పేర్లు నాకు నిలవవు.
తీగలు నిలుస్తాయి, ఎక్కిన మెట్లు నిలుస్తాయి,
కాఫీ ఇచ్చారా, నీళ్ళతో సరిపెట్టారా
అదీ నిలుస్తుంది.
అందుకే ఫోనులో సిన్యోరా నెరీనా బెంచిచ్ అని కాక
'బూట్లు విప్పించే చన్నీళ్ళావిడ' అని రాసుకున్నాను.
డాక్టర్ ఎజియో: 'బీరు ఒలికిన పై సప్తకం'.
ద్రాగిత్సా: 'కూతురు వాయించదు, తల్లి ఒప్పుకోదు'.
నాలుగో అంతస్తు లివియో: 'చచ్చిన కుక్క'.

మార్చి నుంచి అయిదు యూరోలు ఎక్కువని
అందరికీ కలిపి ఒకే మెయిలు.
ఆ రోజు బోరా గాలి.
విరిగిన గొడుగులు చెత్తబుట్టల్లో
కాళ్ళు పైకెత్తుకుని పడి ఉన్నాయి.
పంపేసి, నా పాటికి నేను
చిక్కుడుగింజల సూపు వేడిచేసుకున్నాను.

మేనకోడలు ఫెదోరా ఫోను చేసింది.
"మామయ్యా, పైన పేర్ల వరస చూశావా?"
చూశాను.
నలభై రెండు చిరునామాలు,
ఒక్కోదాని ముందు నా రాత.
ఎవరి పేరు వాళ్ళకే కాదు,
అందరి పేర్లూ అందరికీ.
సూపు అడుగంటింది.

ఎజియో రాశాడు: "బీరు కాదు, ప్రోసెక్కో."
ద్రాగిత్సా రాసింది: "మా అమ్మాయి చదివేసింది.
అమ్మితే ఎంతొస్తుందో చెప్పండి."
లివియో మూడు రోజులాగి రాశాడు:
"దాని పేరు బ్రీనా.
పద్నాలుగేళ్ళు నా పెడల్ పక్కనే పడుకుంది.
రాసుకుంటే అలా రాసుకోండి."
నెరీనా ఏమీ రాయలేదు.
ఆ ఏమీలేనిది రోజుకు నాలుగుసార్లు తెరిచి చూశాను.

ఆదివారం ఫెదోరా వచ్చి నేర్పింది.
పేరుకో గడి, దాని కిందే ముద్దుపేరుకో గడి.
పైన రాసింది ఊరంతా తిరిగొస్తుంది,
కింద రాసింది నీ జేబు దాటదు.
ఇంతేనా అన్నాను.
ఇంతే అంది, నా బిస్కెట్లు తింటూ.

రెండు సాయంత్రాలు కూర్చున్నాను
కింది గడిలోకి ఒక్కొక్కరినీ దించుతూ.
పై గడి నింపబోతే
ఆరుగురి పేర్లు అసలు తెలియవు.
గాలిలో కోటు బిగించుకుని వెళ్ళి
వాకిట్లో బెల్లుల పక్కన చదువుకొచ్చాను,
దొంగలా.
లివియో కింద మటుకు
పాతది చెరిపి బ్రీనా అని రాశాను.
కుక్క పేరు మనిషికి ముద్దుపేరవుతుందా,
ఏమో, అయింది.

ఏప్రిల్లో నెరీనా కబురు పెట్టింది,
కింది స్వరాలు దిగిపోయాయని.
గుమ్మంలో బూట్లు విప్పబోయాను.
"ఉండనివ్వండి" అంది.
ఆ మాటకు కాళ్ళు మరీ చలేశాయి.
పియానో మూత మీద గ్లాసు పెట్టింది.
కాఫీ కాదు.
నీళ్ళే, పొగలు కక్కుతున్నాయి.
నాలుక కాలినా మొత్తం తాగాను.

"ఇప్పుడు నేనేమని ఉన్నాను?"
ఫోను తీసి చూపించాను: నెరీనా బెంచిచ్.
కళ్ళజోడు పెట్టుకుని
అక్షరం అక్షరం చదివింది.
"కింద?" అంది.

ఫోను జేబులో పెట్టుకుని
శ్రుతిదండాన్ని మోకాలికేసి కొట్టాను.