ఈ ఏడు నా చేతులు

అక్టోబరు వచ్చిందంటే మా తెలావిలో
ఆడవాళ్ళ చేతులు నల్లబడతాయి.
అక్రోటు పచ్చితొక్క ఒలిస్తే అంటే రంగది,
సబ్బుకు లొంగదు, నిమ్మచెక్కను చూసి నవ్వుతుంది.
ఈ ఏడు నా చేతులు తెల్లగా ఉన్నాయి.
"ఒంట్లో బాగాలేదా, గులికో?"
సంతలో ద్రాక్షలమ్మే ఆవిడ అడిగింది.

ఏం చెప్పను.
పోయిన కొత్త సంవత్సరం రాత్రి
తేనెలో ఉడికిన అక్రోటు బిళ్ళ, గోజినాకి,
గోరంత ముక్క
నేనే పెట్టాను నుత్సా నోట్లో.
ఏడాదంతా తియ్యగా గడవాలని
మా అమ్మ నాకు పెట్టినట్టే.
"ఆగండత్తయ్యా,
మొన్న వంకాయ కూర తిన్నాక
పెదాలు దురదంది" అని ఖతూనా అంటూనే ఉంది.
"మా వంశంలో లేని జబ్బు
నీ కూతురికెక్కడిదే" అన్నాను.
ఆ మాట ఇప్పటికీ
నా గొంతులోనే అడ్డం పడి ఉంది.

తమదా లేచి
పోయినవాళ్ళ పేరు మీద దీవెన మొదలెట్టాడు.
అందరం నిలబడ్డాం, గ్లాసులు లేచాయి.
కింద నా గౌను ఎవరో లాగుతున్నారు.
వంగి చూస్తే
ఆ ముఖం నా మనవరాలిది కాదు.
కళ్ళు రెండు గీతలు. మెడ నిండా దద్దుర్లు.
దగ్గులాంటిదేదో,
కుక్కపిల్ల మూలుగులాంటిదేదో.
దీవెన మధ్యలో నోరెత్తకూడదు మా దగ్గర.
నేను ఎత్తలేదు.
దేవుడా, నేను ఎత్తలేదు.
ఖతూనా అరిచింది.
ఆ అరుపుకి బల్ల మీది వైను ఒలికింది,
కారు తాళాలు దొరికాయి,
పిల్ల దక్కింది.

డాక్టరు మక్వాలా నన్ను తిట్టలేదు.
తిడితే బాగుండేది.
"ఒంట్లో ఒక కాపలావాడుంటాడమ్మా.
నీ పిల్ల కాపలావాడు
చుట్టాన్ని చూసి దొంగనుకున్నాడు" అంది.

ఇంటికొచ్చి
నూనె ఇంకిన పాత చెక్కపీట పొయ్యిలో పెట్టాను.
అత్తగారిచ్చిన రాతిరోలు
పెరటి అవతల జూజునా ఇంటికి దొర్లించాను.
చుర్చ్‌ఖేలా దారానికి గుమ్మడి గింజలు గుచ్చాను,
ఊరు నవ్వింది, నవ్వనీ.
బిస్కెట్ పొట్లాల వెనక చీమల్లాంటి అక్షరాలు
భూతద్దం పెట్టి చదువుతున్నాను.
గడువు దాటిన ఇంజెక్షన్ పెన్నుతో
నారింజపండు తొడలో గుచ్చి నేర్చుకున్నాను:
నీలం మూత లాగు, ఆనించి నొక్కు,
మూడు లెక్కపెట్టు, అంబులెన్సుకి ఫోన్ చెయ్యి.
నారింజ కాబట్టి ఏడవలేదు.
ఎవరింటికెళ్ళినా గుమ్మంలోనే అడుగుతాను,
"ఇందులో ఏమేం వేశారు?"
అతిథి నోటంట రాకూడని మాట.
ఇప్పుడు గ్లాసులు లేచాక కూడా అడుగుతాను.

అంతా సర్దుకుంది అనుకునేలోపు
చిన్నవాడు వామెఖ్‌కి ఆరో నెల వచ్చింది.
"వీడికి అక్రోటు పెట్టండి,
మెత్తగా నూరి, చెంచా కొసన" అంది మక్వాలా.
నాకు చెవుడొచ్చిందనుకున్నాను.
"ముందే పరిచయమైతే
కాపలావాడు చుట్టంగానే చూస్తాడమ్మా, చాలాసార్లు."
చాలాసార్లు.
ఆ ఒక్క మాట పట్టుకుని
రాత్రంతా కూర్చున్నాం అత్తా కోడళ్ళం.

మంగళవారం, శనివారం
వాణ్ణి చంకనేసుకుని పెరడు దాటుతాను.
నా రోట్లోనే, జూజునా వంటింట్లో,
వెన్నలా నూరి, మాత్సోనీ పెరుగులో కలిపి
చెంచా ఎత్తితే
మొదటి రోజు సగం వాడి బుగ్గకే అంటింది,
నా చెయ్యి అంత వణికింది.
వాడు చప్పరించాడు. ఇంకా కావాలన్నాడు.
రెండు గంటలు వాడి పెదాలే చూస్తూ కూర్చున్నాను.
జూజునా కాఫీ పెట్టింది, చల్లారింది.
గోడమీద గడియారం ఒక్కటే మాట్లాడింది.
ఏమీ జరగలేదు.
ఏమీ జరగకపోవడం ఎంత పెద్ద సంగతో
అరవై ఏడేళ్ళకి తెలిసింది నాకు.

వాడి మూతి కడిగి, చొక్కా మార్చి,
మోచేతుల దాకా మూడుసార్లు సబ్బు రుద్దుకుని
ఇల్లు చేరతాను.
గుమ్మంలో నుత్సా కాపలా.
"బెబో, చేతులు చూపించు."
చాపుతాను.
ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని,
పెద్ద తనిఖీదారులా వాసన చూస్తుంది.
"సబ్బు" అంటుంది.
అప్పుడు గాని ముద్దివ్వనివ్వదు.